ఆ అమ్మాయినే పంపండి

“ఆ అమ్మాయినే పంపండి. ఇంకెవరొచ్చినా కట్టు విప్పనివ్వను” అంది బెర్నిస్ కోస్కి, దుప్పటి గడ్డందాకా లాక్కుంటూ.

నర్సింగ్ విద్యార్థులకు వార్డులో పని నేర్పే డెల్లా నిట్టూర్చి, గుమ్మం బయట నిలబడ్డ మార్లిస్ వైపు తిరిగింది.

“వెళ్ళు తల్లీ. ఆవిడకేం మందు పెట్టావో గానీ, నిన్ను తప్ప ఎవర్నీ దగ్గరికి రానివ్వడం లేదు.”

మార్లిస్ నవ్వలేకపోయింది.

వేరే డిగ్రీ చేతిలో ఉన్నవాళ్ళకు నాలుగేళ్ళ నర్సింగ్ చదువును ఏడాదిలో కుక్కి పంపే కోర్సు అది. తరగతిలో ఒకతను జంతుశాస్త్రం చదివి వచ్చాడు, ఇంకొకామె వయొలిన్ వాయించి విసిగి వచ్చింది. అందరిలోకీ పెద్దది మార్లిస్. ఇదివరకు ఏం చేసేదానివని ఎవరడిగినా “ఆఫీసు ఉద్యోగం” అని మాట దాటేసేది.

కోర్సు చివర్లో ఈ వార్డుకు వచ్చిన మొదటిరోజు, ముసలామె బెర్నిస్ మణికట్టు పట్టీ మీద పేరు చదవగానే మార్లిస్ మాస్కు ఇంకాస్త పైకి లాక్కుంది. కొన్నేళ్ళ కిందట ఇదే డులూత్ ఊళ్ళో, కోర్టులో, ఆ పేరును ఎన్నిసార్లు పలికిందో ఆమెకే తెలుసు. అప్పట్లో బెర్నిస్ మరో ఆసుపత్రిలో నర్సు. వార్డంతటికీ ఒక్కతే ఉన్న రోజున ఒక రోగికి మందు మోతాదు తప్పింది. మనిషి పోయాడు. నర్సుల్ని తగ్గించింది యాజమాన్యమే. ఆ సంగతి పైకి రానివ్వకుండా నేరమంతా బెర్నిస్ మెడకే చుట్టింది ఆసుపత్రి తరఫు లాయరు. బెర్నిస్ లైసెన్సు పోయింది.

ఆ లాయరు మార్లిస్. కేసు గెలిచింది గానీ, గెలిచాక కోర్టు మెట్లెక్కాలంటేనే ఒంటికి చీదర పుట్టింది. ఆ పని వదిలేసి ఈ చదువులో చేరింది.

ఇప్పుడు జుట్టు పొట్టిగా కత్తిరించుకుంది. ముఖానికి మాస్కు. బ్యాడ్జి మీద ఇంటిపేరు లేదు. ముసలామెకు చక్కెర జబ్బుతో కాలికి పుండు పడింది, చూపు కూడా మందగించింది. గుర్తుపట్టలేదు, ఇంకేం భయం అనుకుంది మార్లిస్.

“ముందు తడుపమ్మాయ్. ఎండిన గుడ్డ లాగావంటే పుండు రేగుతుంది” అంది బెర్నిస్.

“సరేనండీ.”

“ఈ చదువుకు ముందు ఏం చేసేదానివి?”

“ఆఫీసులో... కాగితాల పని.”

“కాగితాల పనా!” బెర్నిస్ పకపకా నవ్వింది. “నన్ను ముంచింది కూడా ఆ జాతివాళ్ళేలే. లాయరొకత్తె ఉండేది. ఎంత మెత్తటి గొంతనుకున్నావ్! ‘బాగా అలసిపోయారా కోస్కిగారూ?’ అని అడిగింది. నామీద జాలి కాబోలు అనుకుని అవునన్నాను. అంతే! అలసిపోయి మనిషిని చంపిందని తేల్చేశారు.”

మార్లిస్ తల వంచుకుని కట్టు చుడుతోంది.

“ఇప్పుడెక్కడుందో ఆ మహాతల్లి. నీకేమన్నా తెలుసా?”

“నాకెలా తెలుస్తుందండీ?”

బెర్నిస్ కిటికీలోంచి గడ్డకట్టిన సరస్సు వైపు చూసింది. “అవున్లే. నీకెలా తెలుస్తుంది!”

వార్డు డ్యూటీ పడ్డ ప్రతిరోజూ ఇదే వరస. ముసలామె పిలిచేది. పని చెప్పేది, మెచ్చుకునేది, తన నర్సు రోజుల కబుర్లు తవ్వేది. కట్టు కడుతున్నంతసేపూ మార్లిస్ గొంతుదాకా మాట వచ్చి ఆగిపోయేది. ఇప్పుడు చెబితే ఈవిడ కేకలు పెడుతుంది, డెల్లా తనను పంపించేస్తుంది. కోర్సు గట్టెక్కనీ, అప్పుడు కాళ్ళమీద పడి చెప్పుకుందాం అనుకునేది.

కోర్సు గట్టెక్కింది. ఆ అమ్మాయి చెయ్యి పువ్వులాంటిదని బెర్నిస్ చెప్పిన మాట కూడా అందుకు పనికొచ్చిందని డెల్లాయే చెప్పింది. మార్లిస్ నేరుగా బెర్నిస్ గదికి వెళ్ళి మంచం పక్కన నిలబడింది.

“పాసయ్యానండీ. అంతా మీ చలవే.”

“సంతోషం. ఇంకేమైనా చెప్పాలా?”

మార్లిస్ నోరు తెరిచింది. ఈ మంచిరోజున ఎందుకు, రేపొచ్చి చెప్పవచ్చులే అనిపించింది.

“చెప్పడానికేం లేదు గానీ, ఒకటి అడగనా? ఇంతమంది ఉండగా ఎప్పుడూ నన్నే ఎందుకు పిలిచారు?”

బెర్నిస్ ఆ మెత్తటి గొంతు వైపు ముఖం తిప్పింది.

“ఏదో ఒకరోజు మీరే నోరు విప్పుతారేమోనని, లాయరుగారూ.”