అవుట్‌డోర్

ఏసీ మళ్ళీ ఆగిపోయింది. నాలుగేళ్ళ రుత్విక్ నిద్రలోనే వీపు గోక్కుంటూ ఏడ్చాడు.

"వారంల మూడోసారి, సాబిర్ భాయ్. వీని పానం బాగలేదని సెలవు పెట్టి ఇంట్ల కూసున్న. పగటీలి పన్నెండు కొట్టిందంటే నీ మిషను బందు. దీనికి గూడ షిఫ్టులున్నయా?" అంది మమత.

సాబిర్ స్టూలు దిగి చేతులు తుడుచుకున్నాడు. "లోపట ఏం ఖరాబు లేదక్కా. ఏసీ సల్లదనం పుట్టియ్యదు. అర్రల ఉన్న వేడిని గుంజుకోని, రాగి పైపుల పొంటి బయటి డబ్బాకు మోస్తది. ఆడ ఫ్యాను ఆ వేడిని బయటికి ఊదాలె. ముంగట ఏదన్న అడ్డమైతే వేడి ఎటూ పోక మిషను బందయితది. ఎనక ఏమన్న సామాను పెట్టిన్రా?"

"ఎనక ఏముంటది, గోడ, ఎండ."

ఇద్దరూ క్వార్టర్ వెనక్కి వెళ్ళారు. గోదావరిఖని మే నెల ఎండకు వీధి కుక్కలన్నీ మురుగు మోరీలో దిగి పడుకున్నాయి. ఇటుకల మీద పెట్టిన బయటి డబ్బా జాలీకి వీపు ఆనించి, గోనెపట్టా మీద సారవ్వ కూర్చుని ఉంది. సారవ్వ మమత అత్త. కొడుకు దినాలనాడు పదిమందిలో "నా కొడుకును మింగినవ్" అని కోడల్ని అన్నది. ఆ రోజు మూసిన తలుపు మమత ఏడు నెలలైనా తెరవలేదు.

మమత గోడను చూస్తూ అంది. "భాయ్, ఈడెందుకు కూసున్నదో అడుగు."

సాబిర్ నోరు తెరిచేలోపే జవాబు వచ్చింది. "ఇది కంపెనీ జాగని చెప్పు బిడ్డా. నా కొడుకు కొలువు చేసిన బొగ్గుబాయి కంపెనీ."

"ఆ కొలువు ఇప్పుడు నేను చేస్తున్ననని చెప్పు."

"చెయ్యద్దన్ననా, అడుగు."

ఇద్దరికీ నడుమ మూడడుగుల దూరం. అయినా సాబిర్ తల ఏసీ రెక్కలా ఇటూ అటూ తిరుగుతూనే ఉంది. మంచిర్యాలలో పెళ్ళానికీ తల్లికీ నడుమ ఇదే పని చేసి వచ్చాడు. ఇక్కడ కనీసం సర్వీసు చార్జీ ఉంది.

"మేం ఉడికి సావాలెననే అడ్డం కూసున్నదని నాకెర్కే," అంది మమత. "పిలగాని వీపంత చెమటకాయలు లేసినయ్. మూడు దినాలాయె, కంటి నిండ నిద్ర పోలేదు. గింత పగ పసిపోరని మీదనా, అడుగు భాయ్."

సారవ్వ గబుక్కున ముందుకు వంగింది. "చెమటకాయలా?"

ఏడు నెలల్లో మొదటిసారి నేరుగా కోడలి మొహంలోకి చూసింది. చేతులు నేలకు ఆనించి లేచి, గోనెపట్టాను పక్కకు లాగింది. "అడ్డముంటే ఆగుతదని నాకెవలు చెప్పిన్రు? నా వల్లనా వానికి..." చెంగు జారిన చోట ఆమె వీపు కమిలి ఎర్రగా ఉంది.

రెండు మూడు నిమిషాలకు డబ్బా గుర్రుమంది. ఫ్యాను తిరిగి, పొయ్యి ముందరి సెగలాంటి గాలి కొట్టింది. సాబిర్ మొహం తిప్పుకున్నాడు. మమత రెండడుగులు వెనక్కి జరిగింది. సారవ్వ మాత్రం ఈసారి పక్కన నిలబడి, ఆ గాలికి రెండు అరచేతులూ చాపింది.

"అవ్వా, నీకేమన్న పిచ్చా?" అన్నాడు సాబిర్. "బయట నలభై ఆరున్నది, దీని ముంగట యాభై దాటుతది. అటు చెట్టు నీడ ఉన్నది. వడదెబ్బ తాకితె దవాఖానకు గూడ ఆగవు. ఈడ ఏం దొరుకుతుందని కూసుంటున్నవే?"

జవాబు కోసం మమత కూడా మొదటిసారి అటు తిరిగింది.

సారవ్వ చేతులు తీయలేదు. "లోపట పండుకున్నోళ్ళ ఒంటి వేడి గూడ గీ డబ్బాల నుంచే బయటికొస్తదని బిగించిన్నాడు నువ్వే అంటివి గద కొడుకా. మనుమన్ని ఎత్తుకోనిస్తలేదాయె, వాని వెచ్చదనమన్న తగుల్తదని."