పది తిట్ల ప్రోగ్రామ్

"మళ్లీ ఎర్రక్షరాలు వచ్చాయి మేడమ్!"

టైలరమ్మ కేకకు కంప్యూటర్ క్లాసులోని తలలన్నీ ఇటు తిరిగాయి. పాఠం చెప్పే మేడమ్ వచ్చి తెర మీదికి వంగి చూసింది.

"మాటకి ముందు కొటేషన్ పెట్టారు, చివర మరిచిపోయారు. అది పెట్టకపోతే మాట ఎక్కడ అయిపోయిందో దానికి తెలియదు."

"కాజా కుట్టి బొత్తాం మరిచిపోయానన్నమాట."

ఒక్క వేలితో వెతికి వెతికి ఆ గుర్తు పెట్టి, రన్ నొక్కింది. తెర మీద 'నమస్కారం' అని వచ్చింది. ఆమె మొహం వెలిగిపోయింది.

"చెప్పగానే విన్నది మేడమ్! పెళ్లయిన పద్దెనిమిదేళ్లలో నా మాట విన్నది ఇదొక్కటే."

క్లాసంతా నవ్వింది. మేడమ్ మాత్రం గోడ మీది గడియారం చూసుకుంది. టైలరమ్మకు ఆమె మనసులో పెట్టుకున్న పేరు వసపిట్ట. టైపు చేస్తూ మాట్లాడుతుంది, టైపు చేయకుండానూ మాట్లాడుతుంది. గొంతు బొంగురుపోతే ఫ్లాస్కులోంచి రెండు గుక్కల వేడినీళ్లు తాగి మళ్లీ మొదలుపెడుతుంది. అంత వాగితే గొంతు బొంగురుపోక ఏమవుతుంది?

చేరిన రోజే ఆమె షరతు పెట్టింది.

"మూడు నెలల కోర్సు నావల్ల కాదు మేడమ్. నాకు పన్నెండు రోజులే ఉన్నాయి. కీ నొక్కితే కంప్యూటర్ మాట్లాడాలి. నీళ్లు కావాలంటే ఒక కీ, నొప్పి అంటే ఇంకో కీ. అంతే నేర్పండి."

"ఎవరికోసం?"

"మా ఇంట్లో ఒకరికి ఆ పన్నెండు రోజులూ కాగానే వచ్చే సోమవారం గొంతు ఆపరేషన్. ఆ తర్వాత ఇక మాట రాదట."

అలా అంటూ ఆమె తలుపు బయటికి చూసింది. వరండా బల్ల మీద ఆమె భర్త ఒళ్లో హెల్మెట్ పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. మేడమ్ ఇంకేమీ అడగలేదు. రోజూ అతను ఆమెను దింపి, క్లాసు అయ్యేదాకా అక్కడే కూర్చునేవాడు. మేడమ్ పలకరిస్తే తల ఊపేవాడు. ఒక్క మాట బయటికి వచ్చేది కాదు.

ఆరో రోజున మేడమ్ ఫోన్ గుర్రుమంది. ఆమెకు పెళ్లయి ఇంకా రెండు నెలలు నిండలేదు. మెసేజ్ చూసి తనలో తను నవ్వుకుంది.

"ఏమంటున్నారు సారు?" టైలరమ్మ వదలలేదు.

"చక్కెర డబ్బా ఎక్కడుందని."

"కళ్లెదురుగానే ఉండి ఉంటుంది. మగవాళ్ల చూపుకి ఎదురుగా ఉన్నది ఆనదు. ఫోన్ చేసి చెప్పండి మేడమ్, మెసేజ్ ఎందుకు? రెండు చీవాట్లు కూడా పెట్టండి."

"ముందు మీరు నోరు ఆపి, మాటని మళ్లీ మళ్లీ పలికించే ఆ లూపు పూర్తి చేయండి," అంది మేడమ్ సిగ్గు దాచుకుంటూ.

టైలరమ్మ పూర్తి చేసింది, ఆపే లైను తప్ప. కీ నొక్కగానే స్పీకరులోంచి ఆమె గొంతు "నీళ్లు... నీళ్లు... నీళ్లు..." అంటూ ఆగకుండా మొదలైంది. క్లాసు పిల్లలు పగలబడి నవ్వారు. బయట భర్త ఉలిక్కిపడి లేచి, హెల్మెట్ బల్ల మీదే వదిలేసి గబగబా మెట్లు దిగిపోయాడు. పాపం, తన కష్టం చూసి నవ్వుతున్నారనుకున్నాడేమోనని మేడమ్ మనసు చివుక్కుమంది.

"అన్నీ మీ గొంతుతోనే రికార్డు చేశారేం?" మెల్లగా అడిగింది.

"ఇప్పుడింకెవరి గొంతు దొరుకుతుంది మేడమ్?"

అతని గొంతు అప్పుడే పోయిందన్నమాట. మేడమ్ ఆ రోజు నుంచి సాయంత్రం ఇంకో గంట ఉండి నేర్పింది.

పదో రోజుకి ఇరవై మాటలు పలికాయి. నీళ్లు, నొప్పి, ఫ్యాను ఆపు. అప్పుడు కొత్త కోరిక వచ్చింది.

"ఒక కీకి పది తిట్లు కావాలి మేడమ్. నొక్కినప్పుడల్లా వేరేది రావాలి. ఒకటే తిట్టు వింటుంటే అలవాటైపోతుంది."

"తిట్లెందుకండీ?"

"మాట పోయినంత మాత్రాన తిట్టే హక్కు కూడా పోతుందా?"

మేడమ్ నవ్వి, జాబితాలోంచి ఏదో ఒకటి ఎంచే పద్ధతి చూపించింది. అది కుదరడానికి రెండు రోజులు పట్టింది. మధ్యలో ఒకసారి అంతా చెరిగిపోతే, టైలరమ్మ ఫ్లాస్కు పక్కకు నెట్టి, మొహం చేతుల్లో దాచుకుని మొదటిసారి నిశ్శబ్దంగా కూర్చుంది. తర్వాత ముక్కు తుడుచుకుని మొదటి లైను నుంచి మళ్లీ కొట్టింది.

శనివారం ఐదున్నరకి కీ నొక్కింది.

"ఎన్నిసార్లు చెప్పాలి?"

మళ్లీ నొక్కింది.

"తడి తువ్వాలు మంచం మీద ఎవరు పడేశారు?"

"ఇవన్నీ భార్యలు తిట్టే తిట్లే!" అని మేడమ్ పకపకా నవ్వింది.

"నాకొచ్చినవేగా నేను పెట్టగలను," అంటూ టైలరమ్మ లేచి, ప్రతి బెంచీ దగ్గరికీ పోయి అందరికీ పేరుపేరునా వీడ్కోలు చెప్పసాగింది. ఎంతకీ తెమలడం లేదు.

ఆలోగా మేడమ్ వరండాలోకి వచ్చింది. అతను లేచి నిలబడ్డాడు. అతని కళ్లు లోపల మాట్లాడుతున్న భార్య మీదే ఉన్నాయి.

"ఆవిడ పన్నెండు రోజుల్లో నేర్చుకున్నది నా క్లాసు పిల్లలు రెండు నెలల్లో నేర్చుకోరు," అంది మేడమ్. "అంతా మీమీద ప్రేమే. ధైర్యంగా ఉండండి. మీ ఆపరేషన్ బాగా జరుగుతుంది."

అతను తల ఊపలేదు. మొదటిసారి అతని పెదవులు విడివడ్డాయి.

"ఆపరేషన్ నాకు కాదు మేడమ్, తనకి."