షారన్‌కు నచ్చాలి

హెబ్రోను మాస్టారు కారు వెనక తలుపు తెరిచి, సీటును అరచేత్తో నొక్కి చూశాడు.

"ఇది మెత్తగానే ఉండాదబ్బయా. పోయినవారం తెచ్చింది చెక్కబల్లే."

"అది హ్యాచ్‌బ్యాక్ మాస్టారూ. ఇది సెడాన్. వెనక కూర్చునేవాళ్ల కోసం చేసిన బండి," అన్నాడు పెంచల్.

పెంచల్ గూడూరు బైపాస్ మీద పాత కార్ల యార్డులో సేల్స్ మనిషి. సోమవారం వస్తే యార్డు నుంచి ఒక బండి తీసి కోట ఊరికి రావడం, మాస్టారి ఇంటి ముందు ఆపడం అలవాటైపోయింది. మాస్టారు మిషన్ స్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని గేటు దగ్గరే నిలబడి ఉంటాడు. టైర్లు తన్ని చూస్తాడు. బానెట్ ఎత్తమంటాడు. ఎత్తాక ఏం చూడాలో తెలియక దించమంటాడు.

ఆయన భార్య మగ్దలీనమ్మ మెల్లగా వచ్చి వెనక కూర్చుంది. తల వాల్చి కళ్లు మూసుకుంది.

"నెల్లూరు పోదామా?" అన్నాడు పెంచల్.

"పోవాల కదా. మా మరదలు షారన్ చూడకుండా బండి కొంటే అక్కాచెల్లెళ్లిద్దరూ కలిసి నన్ను బతకనిస్తారా?"

మగ్దలీనమ్మ చేతికి తలుపు అరలో ఏదో తగిలింది. నిమ్మకాయలు.

"ఇవేంది నాయనా, దిష్టికా? మేం ఇట్టాంటివి పట్టించుకోం."

"నిమ్మతోటల గూడూరు బండి కదమ్మా. నిమ్మకాయ లేకుండా గేటు దాటదు."

ఆమె నవ్వింది. కాసేపటికి ఒక కాయ తీసుకుని ముక్కు దగ్గర పెట్టుకుంది.

హైవే ఎక్కినా పెంచల్ వేగం పెంచలేదు. లారీలు హారన్ కొట్టి దాటిపోయాయి.

"ఏమబ్బయా, బండి ఇంతేనా పోయేది?"

"ఇంజన్ సంగతి నిదానంలోనే తెలుస్తుంది మాస్టారూ."

నెల్లూరులో షారన్ ఇల్లు ఒక సందులోనట. సందులోకి కారు పట్టదు. సందు మొదట్లో ఆపితే ఇద్దరూ దిగి నడిచిపోతారు. పెంచల్ టీ తాగుతాడు. ఇంకో టీ తాగుతాడు. సీటు వాల్చుకుని కునుకు తీస్తాడు. మధ్యాహ్నం దాటాక వాళ్లు తిరిగి వస్తారు. షారన్ ఒక్కసారీ బయటికి రాలేదు.

"ఏమంటుంది షారనమ్మ?" అని ఈసారీ అడిగాడు పెంచల్, తలుపు తీసి పట్టుకుని.

"రంగు బాగలేదంట."

"డాబా మీద నుంచి చూసిందా?"

"ఆఁ... డాబా మీద నుంచే."

మగ్దలీనమ్మ కుడిచేతిని కొంగులో పెట్టుకుని కిటికీ వైపు తిరిగింది.

"పోనీలెండి. యార్డుకి నల్లది ఒకటి వచ్చింది. రొయ్యలు చచ్చి నష్టమొచ్చి చెరువులాయన అమ్మేసినాడు. దీనికంటే మెత్తన. వచ్చే సోమవారం తెస్తా."

శనివారం సుధాకర్ అనే ఆక్వా రైతు యార్డుకు వచ్చాడు. నల్ల సెడాన్ చుట్టూ తిరిగాడు. నడిపి చూశాడు. బేరం ఆడలేదు.

"సోమవారం మంచిది. పొద్దున్నే వచ్చి తీసుకుపోతా."

"సోమవారం కుదరదన్నా. ఒకరికి చూపిస్తానని మాటిచ్చినా. మంగళవారం రాండి."

"మంగళవారం బండి ఇంటికి తోలుకుపోతారా ఎవరైనా? నువ్వు అమ్మేవాడివా, పోగొట్టేవాడివా?"

సుధాకర్ వేరే యార్డు చూసుకున్నాడు. ఆ మాట సాయంత్రానికల్లా ఓనరు నరేంద్రబాబు చెవిన పడింది.

"కొనేవాడిని పంపించేసి, కొననోడికి మాటిచ్చినావంట?"

"మాస్టారు ఈసారి..."

"మాస్టారు లేదు, గీస్టారు లేదు. టెస్ట్ డ్రైవ్ అంటే ఫ్లైఓవర్ దాకా పోయి రావడంరా. నెల్లూరు యాత్ర కాదు. సోమవారం ఆయన కొంటే సరే. కొనకపోతే మంగళవారం నువ్వు రాబాకు."

పెంచల్ తల ఊపాడు. వేరే పని దొరకడం ఎంత కష్టమో అతనికి తెలుసు. ఈ పని కోసం ఆరు నెలలు తిరిగాడు.

ఆదివారం మాస్టారు ఫోన్ చేశాడు. ప్రార్థన ముగిసినట్టుంది, వెనక పిల్లల గోల వినిపిస్తోంది.

"అబ్బయా, రేపు వస్తావా? ఈ తడవతో అయిపోతుంది. ఇంక నిన్ను తిప్పం."

"వస్తా మాస్టారూ."

"నీ ఓనరు ఏమన్నా అంటున్నాడా?"

"ఆయనకేం, అంటానే ఉంటాడు. షారనమ్మకు నలుపు నచ్చుతుందంటారా?"

మాస్టారు గొంతు సవరించుకుని, "ఏమో, చూడాల," అన్నాడు.

పెంచల్ నల్ల కారు వెనక సీటు తుడిచాడు. టైర్లలో గాలి కొంచెం తగ్గించాడు, గుంతల్లో ఎగరకుండా. మార్కెట్‌లో ఏరి తెచ్చిన నిమ్మకాయలు తలుపు అరలో పెట్టాడు.

నెల్లూరులో ఆ సందులో ఇళ్లు లేవు, ఉన్నది క్యాన్సర్ ఆస్పత్రి వెనక గేటు ఒక్కటే, పోయినేడు పెంచల్ వాళ్లమ్మను వారం వారం బస్సులో తీసుకుపోయింది ఆ గేటుకే.