ముసలయ్య బేరం

చంద్రరావు పడవ ఎక్కి కూర్చున్నాడు. ఎప్పటిలాగే ఒక్కడే.

గోదావరి పాయ మీద కొత్త వంతెన. దానిమీద ఆటోలు బారులు తీరి పోతున్నాయి. అది వచ్చాక పడవెక్కే నాథుడు లేడు. భార్య నాగదుర్గ పోయిన కొత్తలో చంద్రరావు ఒకనాడు గట్టు చివర నీళ్ళలోకి చూస్తూ నిలబడి ఉంటే, ముసలయ్య ఎక్కణ్ణుంచో పరుగున వచ్చాడు.

"ఎక్కండి మేస్టారూ. మీరు కూడా ఎక్కకపోతే ఇవాళ మా ఇంట్లో పొయ్యి వెలగదండి."

అప్పట్నుంచీ రోజూ వెళ్ళి వస్తున్నాడు. అవతల పనేమీ లేదు. బేబి కొట్లో టీ తాగడం, తిరిగి రావడం. మంచం దిగడానికి ఉన్న కారణం అదొక్కటే. ఇప్పుడు దానికీ లేవబుద్ధి కావడం లేదు. ఇక రానని ఇవాళ చెప్పేయాలి.

ఎలా చెప్పడం? పాపం, పచ్చగా ఉండే పడవకి ముచ్చటపడి నీలం రంగు వేయించుకున్నాడు.

"మేస్టారూ, రేవు బోర్డు మీద ఫెర్రీ అని రాసుంది కదండీ. అంటే పడవేనాండీ?" గెడ వేస్తూ అడిగాడు ముసలయ్య. రోజుకో ప్రశ్న అతనిది. ఒంటి నిండా రొయ్యల మేత వాసన.

కాలేజీలో ఇంగ్లీషు చెప్పి చెప్పి అరిగిన గొంతు దానంతటదే కదిలింది.

"మొదట్లో పడవ కాదయ్యా. మోసుకెళ్ళడం. దేన్నైనా సరే."

"అయితే మా ఆవిడ నన్ను గాడిదనడంలో తప్పు లేదండీ!"

చంద్రరావు నవ్వలేదు. నవ్వొచ్చు కదా అని మాత్రం అనిపించింది.

"తర్వాత ఏరు దాటించడం. ఆ తర్వాత దాటించే రేవు. పడవకి ఆ పేరు రావడం బాగా ఆఖర్న."

"మరి బస్సులో ఫేర్ అంటారు?"

"దాని చుట్టమే. ముందు ప్రయాణం, తర్వాత ప్రయాణానికిచ్చే డబ్బు. ఫేర్‌వెల్ కూడా ఆ ఇంటిదే. క్షేమంగా వెళ్ళమని." ఒక్క క్షణం ఆగాడు. "ముసలయ్యా, రేపట్నుంచి నేను రాను."

గెడ నీళ్ళలోనే ఆగిపోయింది.

"అంత మాటనకండి. మీరు రాకపోతే నా గతేంటండీ?"

చంద్రరావు నీళ్ళకేసి చూశాడు. అవతలి ఒడ్డు చేరగానే దిగి కొట్టుకేసి నడిచాడు.

కొట్లో బేబి గ్లాసు అందించింది.

"నేనింక రానమ్మా బేబీ. ముసలయ్యకున్న ఒక్క బేరమూ పోతుంది. వంతెన మీద పోయేవాళ్ళని కాస్త పడవ ఎక్కమని చెబుతుండు."

బేబి వింతగా చూసింది.

"బేరమేంటండీ? తన పడవ ఎప్పుడో అమ్మేసుకుని రొయ్యల చెరువు కాపలాకి పోతున్నాడు, మీ కోసమని రోజూ ఈ వేళకి వచ్చి మా ఆయన పడవ అద్దెకి తీసుకుంటున్నాడండి!"