రెండో చుక్క

ఆ ఉదయం టెక్సస్‌లోని ఇర్వింగ్ మీద ఆకాశం మాడిన మూకుడులా నల్లబడి, ఉన్నట్టుండి వడగళ్లు కుమ్మరించింది. హైవే మీద కార్లు పాకాయి. హర్షవర్ధన్ ముందే బయల్దేరి వేళకు ఆస్పత్రి చేరాడు. చాముండేశ్వరి మాత్రం తడిసిన జుట్టుతో, భర్తను వెంటేసుకుని ఆలస్యంగా వచ్చింది.

రోగి మంచం దగ్గరే చేసే రక్తపరీక్షలు డాక్టర్లకు నేర్పేది ఆమే. పాసో ఫెయిలో తేల్చేదీ ఆమే. హర్షవర్ధన్ ఆమె పెట్టే పరీక్ష ఇప్పటికి రెండుసార్లు తప్పాడు. మొదటిసారి రోగి పేరు, పుట్టినతేదీ అడగడం మరిచాడు. రెండోసారి షుగర్ మూడువందలు దాటేసరికి కంగారుపడి ఇన్సులిన్ ఇమ్మన్నాడు. తీరా చూస్తే, రోగిగా నటించిన మనిషి వేళ్లకు ఆమె ముందే పళ్లరసం పూసి ఉంచింది. చేతులు కడిగించకుండా గుచ్చేవాళ్లని పట్టుకోవడానికి ఆమె పన్నే ఎత్తు అది.

ఈసారీ తప్పితే కాంట్రాక్ట్ రెన్యూ కాదు. కాంట్రాక్ట్ పోతే వీసా పోతుంది.

ఇవాళ రోగి వేషం ఆమె భర్త ధర్మారావుది. రిటైరయ్యాక ఇంట్లో పొద్దుపోక అప్పుడప్పుడూ ఇలా వస్తుంటాడు. కుర్చీలో కూర్చుంటూనే నీళ్ల బాటిలెత్తి గటగటా తాగేశాడు.

"మెల్లగా గుచ్చు బాబూ. ఇంట్లో ఈవిడ మాటలతోనే గుచ్చుతుంది."

"పేషెంట్లు జోకులు వెయ్యరు. మీరు స్టార్ట్ చెయ్యండి డాక్టర్ గారూ" అంది చాముండేశ్వరి.

పేరు అడిగాడు. పుట్టినతేదీ అడిగాడు. మణికట్టు పట్టీతో సరిచూసుకున్నాడు.

"షుగర్ ఏమైనా ఉందా అంకుల్?"

"నాకా? మా వంశంలోనే లేదు."

హర్షవర్ధన్ ఆయన్ని సింక్ దగ్గరికి తీసుకెళ్లి, సబ్బు పెట్టి వేళ్లు తనే రుద్ది కడిగాడు. తడి లేకుండా తుడిచాడు. గుచ్చి, మొదటి చుక్క తుడిచేసి, రెండో చుక్కను షుగర్ మీటర్ స్ట్రిప్‌కి అందించాడు.

మీటర్ మూడువందల డెబ్బై చూపించింది.

రసం ఇంకా వదల్లేదన్నమాట, అనుకున్నాడు హర్షవర్ధన్.

"మేడమ్, సరిగ్గా వాష్ చేయలేదేమో. ఇంకొక్క ఛాన్స్ ఇవ్వండి."

చాముండేశ్వరి తన భర్త చేతులవంకే చూస్తోంది.

"రెండో చెయ్యి చూడండి" అంది చివరికి.

ఈసారి గోళ్ల సందులు కూడా కడిగాడు. అంకె కదల్లేదు.

"ఇంకో బాటిల్ ఉంటే ఇవ్వవే" అన్నాడు ధర్మారావు.

చాముండేశ్వరి హర్షవర్ధన్ చేతిలోంచి మీటర్ లాక్కుంది. భర్త చేతులు తనే కడిగి, తనే గుచ్చింది. మీటర్‌ని చాలాసేపు చూసింది. ఫోన్ పట్టుకుని బయటికి నడిచింది.

అద్దం తలుపు అవతల ఆమె ఎవరితోనో గొంతు తగ్గించి మాట్లాడుతోంది. పెద్ద డాక్టర్‌కి రిపోర్ట్ చేస్తోందనుకున్నాడు హర్షవర్ధన్. ఇంటికి ఏమని చెప్పాలో మాటలు వెతుక్కోసాగాడు.

ఆమె లోపలికొచ్చి, కాగితం మీద సంతకం పెట్టి అతని ముందుకు తోసింది.

పాస్.

"మేడమ్, కానీ రీడింగ్..."

"మీరు తప్పు చెయ్యలేదు. పదండి, లంచ్ చేద్దాం."

జాలిపడిందనుకున్నాడు. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

బ్రేక్ రూమ్‌లో ఆమె క్యారేజీ విప్పింది. వడ్డించాక, భర్త ప్లేటులోని అన్నం సగం తీసి తన ప్లేటులో వేసుకుంది. ధర్మారావు ఆమె ముఖం చూసి, మిగిలిన అన్నమే కలుపుకున్నాడు. ముగ్గురూ తలలు వంచుకుని తిన్నారు.

ఆ ఉదయం హడావిడిలో చాముండేశ్వరి భర్త వేళ్లకు పళ్లరసం పూయనేలేదు.