సూర్యుడి పత్తా

"రేపు పొద్దుగాల దహనం కావాలె వదినె. ఇగ ఆగేది లేదు" అన్నాడు సమ్మన్న, ఇంట్లోకి వస్తూనే.

"పీనుగే లేకుంట ఏం దహనం జేస్తవ్?" అంది గౌరమ్మ.

"మనిషి దొరకకుంటే దర్భతోని బొమ్మ జేసి కాలబెడ్తరు. అయ్యగారు ఇరయి నది ఒడ్డుకు వస్తనన్నడు. వినాయక్ పోయి రెండేండ్లాయె. ఉన్నడో లేడో తేలకుంట ఇంట్ల నా బిడ్డ లగ్గం ఎట్ల పెట్టుకోను, జెప్పు?"

అతని బాధా అబద్ధం కాదు. చంద్రపూర్‌లోని ఆ రెండు గదుల ఇంట్లోంచి, మాజ్రి బొగ్గు గనుల్లో పని చూసుకుంటానని బయల్దేరిన వినాయక్ అటునుంచి అటే మాయమయ్యాడు. తల్లి గౌరమ్మా, భార్య ఉజ్వలా తిరగని ఠాణా లేదు, మొక్కని దేవుడు లేడు. ఈ దహనం మాట ఎత్తినప్పుడల్లా గౌరమ్మ మరిది మీద విరుచుకుపడేది. ఈసారి మాత్రం వంటింటి గుమ్మంలో నిలబడ్డ కోడలి వైపు తిరిగింది.

"పత్తాలు దీస్కరా బిడ్డా. వాడు ఉన్నడో లేడో గవ్వే జెప్తయి. అవి ఏం జెప్తే గదే జేద్దాం."

సమ్మన్న నెత్తి కొట్టుకున్నాడు. "అయ్యగారిని ఇడిసిపెట్టి పేకాటనా వదినె?"

పేకాట కాదు, బొమ్మల కార్డులతో జోస్యం చెప్పే టారో. ఫోన్‌లో ఒక మరాఠీ మేడం చెప్పే పాఠాలు చూసి ఉజ్వల నేర్చుకుంటోంది. మొగుడి జాడ చెప్పే నాథుడు లేక పట్టుకున్న విద్య అది. ఇంకా ఓనమాలు దాటలేదు. బొమ్మ చూసి, ఫోన్ చూసి, మళ్ళీ బొమ్మ చూసి గానీ నోరు విప్పదు. గట్టిగా వచ్చిందల్లా మొదటి పాఠమే. కార్డు నిటారుగా పడితే ఒక అర్థం, తలకిందులుగా పడితే దానికి విరుద్ధం. అది కూడా చదివేవాళ్ళ వైపు నుంచే చూడాలి తప్ప, ఎదురుగా కూర్చుని అడిగేవాళ్ళ వైపు నుంచి కాదు. సాధన చేయడానికి అత్త తప్ప ఇంకెవరూ దొరకలేదు కాబట్టి ఆ పాఠం గౌరమ్మకూ నోటికి వచ్చేసింది.

నెల కిందటైతే ఉజ్వల పరుగెత్తుకెళ్ళి కార్డులు తెచ్చేది. ఇప్పుడు గుమ్మంలోనే నిలబడింది. కార్డుల్ని అడగాల్సిన పని ఆమెకు ఇంక లేదు. పోయిన వారం వినాయక్ ఫోన్ చేశాడు. సూరత్‌లో ఉన్నాడట. ఇంకొకామెతో ఇల్లు పెట్టుకున్నాడట. "నా కోసం సూడకు" అన్నాడు. వెనకాల చంటిబిడ్డ ఏడుపు వినిపించింది. ఉజ్వల స్నానాల గదిలోకి పోయి, కుళాయి తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చింది. అత్తకు చెప్పలేదు. కొడుకు చచ్చిపోయాడంటే ఏ తల్లయినా ఏడ్చి ఏడ్చి ఊరుకుంటుంది. బతికుండీ మనల్ని వద్దనుకున్నాడంటే ఈ తల్లి ఏమైపోతుంది?

"తెస్తున్నవా బిడ్డా?"

తెచ్చింది. చాప మీద అత్తకు ఎదురుగా కూర్చుని కార్డులు కలిపింది. గౌరమ్మ కళ్ళు మూసుకుని ఒకటి లాగింది. ఉజ్వల దాన్ని వెల్లకిలా తిప్పింది.

సూర్యుడు. కింద తెల్లగుర్రం మీద నవ్వుతున్న చంటిపిల్లాడు. ఉజ్వల వైపు చక్కగా, నిటారుగా పడింది. చచ్చినవాడికి పడే కార్డు కాదది. ఆ పిల్లాడి నవ్వు చూసేసరికి ఆమెకు ఫోన్‌లో విన్న ఏడుపు గుర్తొచ్చింది.

"ఏమంటున్నది?" సమ్మన్న కూడా ముందుకు వంగాడు.

ఉన్నాడంటే ఈ ముసలిప్రాణం పోయేదాకా గడప మీదే కూర్చుంటుంది. లేడంటే రేపు తన బొట్టు పోతుంది, గాజులు పోతాయి. బతికున్న మొగుడికి చేజేతులా కొరివి పెట్టించిన పాపమూ చుట్టుకుంటుంది. ఉజ్వల అత్త మొహం చూసింది. రెండేళ్ళలో ఆ మొహం ఎంత ముసలిదైపోయిందో చూసింది.

"ఉల్టా పడ్డది అత్తమ్మా" అంది. "నీ దిక్కు నుంచి సూడాలె. సూర్యుడు తలకిందులైండు. ఆయన... లేడు."

గౌరమ్మ కార్డును చూసింది. కోడలిని చూసింది. ఇప్పుడు శోకాలు పెడుతుందని సమ్మన్న భయపడ్డాడు గానీ ఆమె కంట చుక్క రాలేదు.

"అయ్యగారికి జెప్పు సమ్మన్నా. రేపు కాలబెడదాం."

సమ్మన్న తువ్వాలతో కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళిపోయాడు. ఉజ్వల తల వంచుకుని, చేతి గాజు ఒకటి మెల్లగా జార్చబోయింది. గౌరమ్మ ఆ చెయ్యి పట్టుకుంది.

"తియ్యకు. వాని కోసం నువ్వు గాజులు దియ్యొద్దు."

"రేపు అందరు వచ్చి తీపిస్తరు గద అత్తమ్మా."

"ఎవలొస్తరో నేను సూస్త." గౌరమ్మ కార్డు మీద వేలు పెట్టింది. "నీ దిక్కు సక్కగనే పడ్డది గద బిడ్డా. చదివేటోళ్ళ దిక్కు సూడాలని నువ్వే గద నాకు నేర్పినవ్?"

ఉజ్వల భోరుమంది. అత్త ఒళ్ళో తల పెట్టి, "తప్పయింది అత్తమ్మా... ఆయన బతికే ఉన్నడు... నాకు ఫోన్ జేసిండు... నీకెట్ల జెప్పాల్నో తెల్వక..." అంది.

గౌరమ్మ కోడలి తల నిమిరింది.

"నాకెరుకే. 'అమ్మా, నీకు మనుమడు పుట్టిండు' అని మొన్న నాకు గూడ ఫోన్ జేసిండు. నా కొడుకు సచ్చి రెండేండ్లాయె, తప్పు నంబర్ కలిసిందయ్యా అని పెట్టేసిన."