నల్లబూజు

"మిషను ఆపు నాన్నా! ముందు కిందికి దిగు!"

స్టెఫ్కా గోధుమ చేలో కారు అడ్డంగా నిలిపి చేతులూపింది. పాత కోతమిషను గుర్రుమంటూ ఆమె ముందుకొచ్చి ఆగింది. దాని వెనకాల దుమ్ము నల్లగా లేచింది. అద్దం పగిలిన తలుపులోంచి వసీల్ తల బయటపెట్టాడు. మాట కన్నా ముందు దగ్గు వచ్చింది.

"రేపు వానంటున్నారు. సగం చేను అలాగే ఉంది. నీకేమైనా పిచ్చిపట్టిందా?"

"ఫోనెందుకు ఎత్తవు? సస్కటూన్ నుంచి ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని వచ్చాను. నీకు బూజు పడదు నాన్నా. ఈ దుమ్మంతా అదే!"

"పడుతుందని చెప్పింది మీ ఆసుపత్రేగా! చెయ్యంతా గుచ్చి చూసి ఏమీ లేదన్నారు. ఇప్పుడు నువ్వొచ్చి ఉందంటావు. ఏది నమ్మాలి?"

"ఆ పరీక్షే తప్పు. పొద్దున మా ల్యాబులో నీ రక్తం నేనే మళ్లీ చూశాను."

వసీల్ నవ్వబోయాడు. నవ్వు పిల్లికూతలుగా మారింది. పెదవులు నీలిరంగుకు తిరగడం చూసి స్టెఫ్కా గబగబా మిషను నిచ్చెనెక్కింది. తండ్రిని జబ్బ పట్టుకుని దింపి, కారు నీడలో కూర్చోబెట్టి, ఇన్‌హేలర్ నోట్లో పెట్టింది.

"పీల్చు. ఇంకా. మాట్లాడకు."

చాలాసేపటికి అతని ఊపిరి దారిన పడింది.

"ఎలా తప్పుతుంది పరీక్ష? బూజు బూజే కదా," అన్నాడు, మొండితనం ఇంకా చావక.

"బంగాళదుంప కూరి మడిచిన పెరోగీని విప్పేసి, ఒట్టి పిండి ముద్ద చేతికిస్తే పెరోగీ అంటావా? ఇదీ అంతే. బూజులో ఒక ప్రొటీను ఉంటుంది. మన ఒంట్లో యాంటీబాడీలు దాని మడతల్ని బట్టే గుర్తుపట్టి పట్టుకుంటాయి. గుచ్చే మందు తయారుచేసేటప్పుడు ఆ మడతలు విడిపోయాయి. మరి నీ ఒళ్లేం గుర్తుపడుతుంది? మడత చెడని ప్రొటీనుతో చూశాను. నీ యాంటీబాడీలు వెంటనే దాన్ని పట్టుకున్నాయి."

వసీల్ టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

"ఆ మందు మీ దగ్గర ఎప్పట్నుంచి వాడుతున్నారు?"

"చాలా ఏళ్లుగా. అందరికీ అదే. పోనీలే, నువ్వు దక్కావు, అంతే చాలు. లే, వెళ్దాం."

అతను లేవలేదు. మిషను వైపే చూస్తున్నాడు.

"అయితే మీ అమ్మ పోయిన రోజున, ఊపిరాడటం లేదు మొర్రో అని ఏడుస్తుంటే, పరీక్షలో ఏమీ లేదన్నారుగా, నాటకాలాడకు అని కసిరి ఈ మిషను ఎక్కించింది నేనే, తల్లీ."